పుస్తె వెనక వెండి చుక్క

ఈ వారమే మొదటిసారి ఈ పేజీ తిప్పినవాళ్ళ కోసం ఓ నాలుగు మాటలు. సిద్దిపేట పాత బస్టాండు వెనక సందులో కృతికకు చిన్న నగల దుకాణం ఉంది. మేలిమి బంగారం అమ్మే చోటు కాదది. బంగారు పూత పక్కన వెండి, వెండి మీద రాగి, ఇత్తడి పక్కన ఉక్కు, ఇలా ఒకదానితో ఒకటి పొసగవని పెద్దవాళ్ళు తేల్చేసిన లోహాలన్నిటినీ కలిపి చీర పిన్నులు, జడ క్లిప్పులు, నడుము బెల్టులు, ఉంగరాలు చేసి అమ్ముతుంది. బంగారం నడుముకు పైనా, వెండి నడుముకు కిందా ఉండాలి గానీ ఇదేం కలగాపులగమని మూతి విరిచే ముసలమ్మలు, మళ్ళీ వారం మనవరాళ్ళను వెంటబెట్టుకుని అదే దుకాణానికి వస్తారు.

ఈ కృతికకు ప్రవీణ్‌తో పెళ్ళి కుదిరింది. పుట్టింటి పుస్తె, అత్తింటి పుస్తె రెండూ పసుపుతాడుకు తానే గుచ్చుకుంటానని ఆమె ముచ్చటపడితే, ప్రవీణ్ నగలు చేసే అవుసులాయన దగ్గర నుంచి అత్తింటి పుస్తెను నేరుగా తెచ్చి ఇచ్చిపోయాడు. తిప్పి చూస్తే వెనక కందిబద్దంత వెండి చుక్క. తన ఇష్టం కనిపెట్టి చేయించాడని ఆ పిల్ల మురిసిపోయి, ఫొటో తీసి వాట్సాప్ స్టేటస్ కూడా పెట్టుకుంది. కిందటి వారం చివర, ఊడిన చెవి కమ్మ అతికించుకోవడానికి వచ్చిన లచ్చవ్వ అనే ముసలామె ఆ పుస్తెను చూసి ఒకటే ప్రశ్న వేసింది.

"మొదటామె ఎప్పుడు సచ్చిపోయింది బిడ్డా?"

లచ్చవ్వ ఊరికే అనలేదు. కృతిక బిత్తరపోయి చూస్తుంటే స్టూలు మీద కూర్చుని విడమరిచి చెప్పింది.

"కొన్ని ఇండ్లల్ల గంతే బిడ్డా. పెండ్లాం సచ్చిపోయినోడు మల్ల లగ్గం చేసుకుంటే, పోయినామె ఒంటి మీది వెండి రవ్వంత కొత్తామె పుస్తెకు అంటువెడ్తరు. నువ్వే ముందు, నీ ఎనకనే ఈ పిల్ల అని ఆమెకు చెప్పినట్టు. లేకుంటే పోయినామె ఊకోదంటరు. నీకు ఎవలు చెప్పలేదా?"

ఎవరూ చెప్పలేదు. పెళ్ళిచూపుల నాడు కులం, గోత్రం, భూమి, బోరు, చివరికి ప్రవీణ్‌కు చిన్నప్పుడు కుక్క కరిచిన సంగతి కూడా చెప్పారు. మొదటి భార్య ఉండేదని మాత్రం చెప్పలేదు.

ఆ పూట నుంచి ప్రవీణ్ అనే మనిషి కృతిక కళ్ళకు తలకిందులుగా కనిపించసాగాడు. మనిషి అదే, చేష్టలూ అవే. నిన్నటిదాకా ముద్దొచ్చినవన్నీ ఇవాళ ముళ్ళలా గుచ్చుతున్నాయి. కలిసి కూర్చున్నప్పుడు ఫోను బోర్లా పెట్టేవాడు, తన మీద గౌరవమనుకుంది. ఇద్దరి ఫొటోలు ఎక్కడా పెట్టొద్దనేవాడు, సిగ్గనుకుంది. ఇంతకుముందు ఎవరినైనా ఇష్టపడ్డావా అని ఒక్కసారీ అడగలేదు, ఎంత సంస్కారమో అనుకుంది. అడిగితే తానూ తిరిగి అదే అడుగుతుందని అతని భయమేమో అని ఇప్పుడు తడుతోంది. మోటార్ల ఏజెన్సీ పని మీద గజ్వేల్ దిక్కు పోతే చాలు, ఫోను కలవదు. సిగ్నల్ ఉండదనేవాడు. గజ్వేల్‌లో సిగ్నల్ లేకపోవడానికి అక్కడేమన్నా అడవి ఉందా? ఈ మాట తనకు అప్పుడే ఎందుకు తట్టలేదని కృతిక తన మీద తానే మండిపడింది.

అతనికి ఫోన్ చెయ్యలేదు. చేస్తే జవాబు తయారు చేసుకుంటాడు. బాపుకూ చెప్పలేదు. ఆయన శుభలేఖల సంచి భుజానికి తగిలించుకుని మద్దూరు దిక్కు చుట్టాలిండ్లకు తిరుగుతున్నాడు. ఒక్కగానొక్క బిడ్డ పెళ్ళని, పలకరించిన ప్రతివాడికీ అల్లుడి గుణగణాలు వర్ణిస్తూ తిరుగుతున్న మనిషికి ఒక ముసలామె మాట పట్టుకుని ఏమని చెప్తుంది? తేలాలి. తేల్చాకే నోరు విప్పాలి. తాళి కట్టించుకోవాలా వద్దా అన్నది ఆ చుక్క ఎవరిదో తెలిస్తే గాని తేలదు.

మరునాడు దుకాణం తెరిచి ఊడుస్తుండగానే ముందర ఆటో ఆగింది. ప్రవీణ్ తల్లి విజయమ్మ దిగింది. తొగుట దిక్కు పేరున్న ఇల్లు వాళ్ళది. గొల్లభామ చీర అంచు సర్దుకుంటూ, నవ్వు ముఖాన అతికించుకుని లోపలికొచ్చింది. ఆ నవ్వు నిలబడటం లేదు, జారిపోతోంది.

"కూసోన్రి అత్తమ్మా. చాయ్ చెప్పాల్నా?"

"ఏమొద్దు బిడ్డా. ప్రవీణ్‌గాడు ఆగమాగం చేసిండు. అవుసులాయన మెరుగు వెట్టకముందే తెచ్చి నీకిచ్చిండట. ఆ పుస్తె ఇటియ్యి, మెరుగు వెట్టిచ్చి పంపిస్త."

"మెరుగు మంచిగనే ఉంది."

"నీకు తెల్వది లే."

లోహాలను నమ్ముకుని అన్నం తినే పిల్లకు మెరుగు సంగతి తెలియదట. కృతికకు ఒళ్ళు మండింది గానీ పైకి తేలనివ్వలేదు. అద్దాల బీరువా వెనక్కి వెళ్ళి, తీసినట్టే తీసి, ఊరికే సొరుగు లాగి మూసింది.

"స్టేటస్ల గుడ పెట్టినవట" అంది విజయమ్మ మెల్లగా. "మా చెల్లె బిడ్డ సూసి చెప్పింది. అది తీసెయ్యి బిడ్డా. లగ్గం కాకముందుకు పుస్తెను మందికి సూపియ్యద్దు, దిష్టి."

"ముందు దిక్కు పెట్టలేదత్తమ్మా. ఎనక దిక్కే పెట్టిన. ఆ వెండి చుక్క మంచిగనిపిచ్చింది."

విజయమ్మ చేతిలోని చేతిసంచి జిప్పు తెరిచింది, మళ్ళీ మూసింది.

"అదా. అది మా గుడి అయ్యగారు చెప్పిండు. నీ జాతకంల చంద్రబలం తక్కువున్నదట. వెండి తాకితె మంచిగైతదన్నడు."

"నా జాతకంలనా?"

"ఆ."

"నాకు జాతకమే రాపియ్యలే అత్తమ్మా. పుట్టిన టైం గుడ మా ఇంట్ల ఎవలకు యాదికి లేదు. మీరే గదా పేరుబలం సూసుకుంటే చాలన్నది?"

సందులో పాలవాడి బండి హారన్ కొట్టుకుంటూ పోయింది. కృతిక ఇక డొంకతిరుగుడు పెట్టుకోదలచుకోలేదు.

"మొదటామె పేరేంది అత్తమ్మా?"

"ఎవలు చెప్పిన్రు నీకు?"

అదే జవాబు. నిజం లేకపోతే ఏం మాట్లాడుతున్నవే అని ఎగిరిపడేది ఏ తల్లైనా. ఎవరు చెప్పారని అడిగిందంటే చెప్పడానికి ఏదో ఉన్నట్టే. రాత్రంతా ఎక్కడో ఒక మూల, లచ్చవ్వ పొరబడి ఉంటుందన్న ఆశ మిగిలే ఉంది. అది కాస్తా పోయింది.

"ఎవలు చెప్తెనేం. పేరు చెప్పున్రి."

విజయమ్మ స్టూలు మీద కూలబడింది.

"ప్రసూన" అంది చివరికి. "మా కులం కాదు. పట్నంల సదువుకునేకాడ కలిసిన్రట. గుళ్ళె దండలు మార్సుకోని ఒకనాడు ఇంటికి తోల్కొచ్చిండు. నేను గడప ఎక్కనియ్యలే. ఆ పిల్ల వాకిట్ల నిలవడి నీళ్ళడిగింది. నీళ్ళు గుడ ఇయ్యలే బిడ్డా. అది బతికున్నన్నొద్దులు నా ఇంటికి రాకు అని వీన్ని ఎల్లగొట్టిన."

"తర్వాత?"

"ఏడాది దాటినంక వీడొక్కడే వచ్చిండు. జరమొచ్చి పోయిందమ్మా అన్నడు. ఇగ నువ్వు పిలిస్తె ఉంట, లేకుంటె పోత అన్నడు. పిలువకపోతనా? నా కొడుకు నాకొచ్చిండని సంబురపడాల్నా, నా నోటి మాటతోని ఒక ఆడివిల్ల పాణం పోయెనని ఏడ్వాల్నా? రెండేండ్లాయె, నాకు నిద్ర సక్కగ లేదు."

కళ్ళ నీళ్ళు కారుతున్నాయి. కృతిక ఆ కన్నీళ్ళను కూడా అనుమానంగానే చూసింది. నిన్నటి నుంచి ఆమెకు ఎవరి నవ్వూ నవ్వులా లేదు, ఎవరి ఏడుపూ ఏడుపులా లేదు.

"మీరు పోయి సూసిన్రా ఆమెను? ఆకరికి?"

"ఏ మొఖం వెట్టుకోని పోవాలె? వాళ్ళ తల్లిగారోళ్ళే ఆడనే దినాలన్ని చేసిన్రన్నడు."

"ఎవలన్న సూసిన్రా మీ ఇంట్ల?"

"వాడే చెప్పిండు గదా."

వాడే చెప్పాడు. అదొక్కటే సాక్ష్యం. కృతికకు ఆ మాట మింగుడు పడలేదు.

"మాకెందుకు దాచిన్రు అత్తమ్మా?"

"చెప్తె మీ బాపు పిల్లనిచ్చునా?"

"చెప్పి సూడకపోతిరి. ఇచ్చునో లేదో. సచ్చిపోయిన మనిషి ఉన్నదని తెలిస్తే నేను జాలిపడుదును. ఇప్పుడు జాలి పడుదామన్నా నాకు వశమైతలేదు."

విజయమ్మ తల దించుకుంది. "మీకు చెప్పకున్నా పోయినదానికైతే చెప్పాలె గదా. నాకు భయం బిడ్డా. లగ్గమైనంక నీకేమన్న అయితె? మల్ల నా వల్లనే అయితది. గందుకే ఎనక దిక్కు అంటువెట్టిచ్చిన. మందికి కనవడొద్దు, దానికి కనవడాలె."

ఆ మాట దగ్గర కృతిక కోపం ఒక్కక్షణం తడబడింది. ఈమె తనను మోసం చేసింది, అందులో సందేహం లేదు. మోసం చేస్తూ చేస్తూనే తనకేమన్నా అవుతుందని భయపడింది. ఇలాంటి మనిషిని ఏమని తిట్టాలో తెలియదు. అయినా లోపల ఎక్కడో ఒక అతుకు సరిగ్గా కుదరడం లేదు. చచ్చిపోయిన మనిషికి దినాలు పెట్టారన్నదీ వాడి మాటే, శవాన్ని చూసినవాళ్ళు లేరు. మరి వెండి ఎక్కడిది?

"ఆ వెండి ఆమెదేనా?" అని అడిగింది.

"ఆమెదే. ఒంటి మీదిదే కావాలె, ఊకె దుకాణంల కొన్నది పనికిరాదు. నీతోని లగ్గం ఖాయమైనంక, దాని వెండేమన్న ఉంటె తేరా అని వీన్ని అడిగిన. ఇయ్యాల రేపు అని తిప్పిండు. కొత్తది తెస్తె నేను పట్టుకుంట అని చెప్పిన. పోయిన నెల తెచ్చిచ్చిండు. మట్టెలు. ఒకటి కరిగిచ్చినం. ఇంకోటి కొమురెల్లి మల్లన్న హుండీల ఏద్దామని దగ్గరనే పెట్టుకున్న."

"సూపియ్యున్రి."

విజయమ్మ చేతిసంచిలో నుంచి పసుపు అంటిన గుడ్డ తీసి ముడి విప్పింది. చనిపోయిన మనిషి వస్తువు కదా అని కాబోలు, కృతిక చేతిలో పెట్టకుండా అద్దం మీద పెట్టి చెయ్యి వెనక్కి తీసుకుంది.

వెండి మట్టె. మీద సన్నని రాగి తీగ మెలితిప్పి చుట్టి ఉంది. రాగి నల్లబడింది.

కృతిక దాన్ని వేలికొసతో తాకలేక తాకింది. ఆ మెలిక ఆమె చెయ్యిదే. వెండి మట్టెలకు రాగి తీగ చుట్టొచ్చన్న ఆలోచన ఆమెకు వచ్చిందే పోయిన దసరాకు. పూలు కడుతున్న వాళ్ళమ్మ వేళ్ళను చూస్తూ, దారం మెలిక తిరిగినట్టు తీగ తిప్పి చూసింది. అంతకుముందు సిద్దిపేటలోనే కాదు, ఆమె ఎరిగిన ఏ దుకాణంలోనూ అలాంటివి లేవు. రెండేళ్ళ కింద చచ్చిపోయిన మనిషి, పోయిన దసరాకు పుట్టిన మట్టెను కాలికి పెట్టుకుందట.

ఎవరి దగ్గరో కొని తెచ్చి తల్లికి చూపించాడేమోనని మొదట అనుకుంది. అలాగైతే కొత్తగా ఉండాలి. తీసి తిరగేసింది. అడుగు భాగం గచ్చు మీద నడిచి నడిచి అరిగి చదునైంది. నెలల తరబడి ఎవరో వేసుకుని తిరిగారు. లోపలి వైపు చూస్తే పలుచని వెండి రేకు అతికి ఉంది.

ఆ రేకును చూసి కృతిక కళ్ళు మూసుకుంది. ఈ మట్టెలు ఎన్నో అమ్మింది గానీ, లోపల రేకు వేసిచ్చింది ఒక్క జతకే. కొమురవెల్లికి వచ్చిపోతూ ఇన్‌స్టాలో చూశానని ఒకామె దుకాణానికి వచ్చి కొనుక్కుంది. కొన్నాళ్ళకు, రాగి తగిలి వేలు పచ్చబడి దురద పెడుతోందని ఫోన్ చేసి మళ్ళీ వచ్చింది. కసురుకోలేదు, డబ్బులు తిరిగి అడగలేదు. నాకు ఇవే కావాలక్కా, దురద పెట్టకుండ ఏమన్న చెయ్యవా అంది. అప్పుడు తీగ కొసలు ఒంటికి తగలకుండా రేకు వేసి, ఆమె కాలు తన ఒడిలో పెట్టుకుని తానే తొడిగింది. పేరు అడగలేదు. గజ్వేల్ దగ్గరి వర్గల్ నుంచి వచ్చింది గనక ఫోనులో 'వర్గల్ మట్టెలు' అని రాసుకుంది, అంతే. వాట్సాప్‌లో కూడా ఆమె ఫొటో ఉండదు, సరస్వతీదేవి బొమ్మ ఉంటుంది.

ఒడిలో పెట్టుకున్న కాలు వెచ్చగానే ఉంది. చచ్చిపోయిన మనిషి కాలు కాదది.

"ఏమైంది బిడ్డా? మొఖమేంది గట్లయింది?" అంది విజయమ్మ.

కృతిక ఆమె ముఖంలోకి గుచ్చి చూసింది. ఈమెకు తెలుసా? తెలిసి నటిస్తోందా? లేదు. తెలిసిన మనిషైతే బతికున్నదాని కోసం ఇంత భయపడదు, హుండీలో వెయ్యడానికి మట్టెను పసుపు గుడ్డలో మూట కట్టుకుని తిరగదు. ఈ వ్యవహారంలో తనకన్నా పెద్ద మోసం జరిగింది ఈమెకేనని కృతికకు తొలిసారి అనిపించింది.

మరి ఆ మనిషి ఏమైంది? కాలిమట్టెలు పోయిన నెలలో ప్రవీణ్ చేతికి వచ్చాయి. పెళ్ళైన ఆడది ఊరికే మట్టెలు తియ్యదు. బతికుండగా తీసుకున్నాడా, లేక... ఆ లేక దగ్గర కృతిక ఆలోచన ఆగిపోయింది. ఫోన్ తీసింది.

"ఎవలకు చేస్తున్నవ్ బిడ్డా? ప్రవీణ్‌కా? వానికి ఇప్పుడేం చెప్పకు, నీ కాళ్ళు మొక్కుత."

"ప్రవీణ్‌కు గాదు. ఒక కస్టమర్‌కు."

స్పీకర్ పెట్టి, ఫోనును మట్టె పక్కనే అద్దం మీద ఉంచింది. అవతల రింగవుతోంది. ఎత్తితే తన పెళ్ళి ఇక్కడితో సరి. బాపు సంచిలోని శుభలేఖలు చెత్త కాగితాలు. ఎత్తకపోతే అంతకన్నా ఘోరం. జన్మలో ఎప్పుడూ కృతిక, తన కాపురం పాడు కావాలని ఇంత గట్టిగా కోరుకోలేదు. ఎత్తు తల్లీ, ఎత్తు అని లోపల మొక్కుకుంది.

రింగు ఆగింది. అవతల గుడి మైకు, పిల్లల గోల.

"అక్కా, నమస్తే. మంచిగున్నరా?"

కృతికకు ఏడుపొచ్చినంత పనైంది.

"మంచిగనే ఉన్న చెల్లె. మట్టెలెట్లున్నయో అడుగుదామని చేసిన. దురద తగ్గిందా?"

"దురద ఎప్పుడో తగ్గిందక్కా. కాకుంటె ఇప్పుడు కాళ్ళకు లేవు. రాగి నల్లబడ్డది, మెరుగు వెట్టిచ్చుకొస్త అని మా ఆయన పోయిన నెల తీస్కపోయిండు. ఇగ తెస్త, అగ తెస్త అంటుండు. గుడి ముందట పలకలు, బలపాలమ్మే దుకాణం మాది. పొద్దంత ఆడోళ్ళొస్తరు, నా బోసి కాళ్ళు సూసి అడుగుతుంటె సిగ్గయితుంది. మీ దుకాణానికేమన్న తెచ్చిండా?"

విజయమ్మ నవ్వూ ఏడుపూ కాని ముఖంతో కృతిక వైపు చూసింది. ఎవరీ పిల్ల అన్నట్టు చెయ్యి తిప్పింది. కృతిక ఫోనుకు దగ్గరగా వంగింది.

"తేలేదు చెల్లె. అవును, ఇన్నొద్దులాయె, నీ పేరే అడుగలేదు నేను."

"ప్రసూన అక్కా."

విజయమ్మ స్టూలు మీద నుంచి లేవబోయి, లేవలేక బీరువా అంచు పట్టుకుంది. అద్దం మీది మట్టెను, ఫోనును, మళ్ళీ మట్టెను చూసింది.

"ఆగక్కా, ఆయన ఈడనే ఉన్నడు, పొద్దుగాలనే వచ్చిండు" అంటోంది ప్రసూన అవతల నుంచి సంతోషంగా. "మీరే అడుగున్రి, మీరడుగుతెనన్న జల్ది తెస్తడు. ఏమయ్యో, ఇగో, మట్టెలక్క, నీతోని మాట్లాడుతదట."

ఫోను చేతులు మారిన చప్పుడైంది.

"హలో, చెప్పున్రి మేడం" అన్నాడు ప్రవీణ్.

కృతిక నోరు తెరిచేలోపే విజయమ్మ చెయ్యి చాచి ఫోను తన దగ్గరికి లాక్కుంది. కళ్ళు తుడుచుకోలేదు. గొంతు మాత్రం తొణక్కుండా పలికింది.

"మేడం గాదురా. నేను, మీ అమ్మను. ఫోను దానికియ్యి."